పాదుషా కొలువుల ఫకీరు మొఖం

పాదుషాల బొమ్మలు వంద చూడుండ్రి పిలగాండ్లూ, మొఖం ఒక్క దిక్కే తిరిగి ఉంటది. ఒక కన్ను, ఒక చెవు, మెడల ముత్యాల పేర్లు, తల ఎనుక బంగారు వెలుగు. అదే ఫకీర్లవి, బైరాగులవి పదే చూడుండ్రి, పది మొఖాలు పది తీర్లుంటయ్. ఒకని దవడలు లోపటికి పోయి ఉంటయ్. ఒకడు కండ్లు సగం మూసుకోని ఏదో తనల తాను నవ్వుకుంటుంటడు. ఒకని పక్కబొక్కలు లెక్కపెట్టొచ్చు. ఈ సంగతి నాకు ఎవ్వలు చెప్పలె. పట్నంల పటాలు కట్టే దుకాణంల కూసోని, అద్దానికీ అట్టకూ నడుమ ఇరికించుకుంట ఇరికించుకుంట చూసి తెలుసుకున్న.

మా దుకాణానికి వచ్చేటివి ఎక్కువ దేవుని పటాలు, పెండ్లి ఫోటోలు, కాలంజేసిన పెద్దోళ్ళ ఫోటోలు. అయితే పాతబస్తీల ఒక పెద్దమనిషి ఉండె. ఇంట్ల పాత కితాబులు మస్తు. అప్పుడప్పుడు మొఘల్ బొమ్మల అచ్చు కాగితాలు తెచ్చి కట్టియ్యమనేటోడు. పని అయ్యేదాక బల్ల మీద కూసోని, చాయ్ తాగుకుంట, అంచుల మీద ఉన్న ఫార్సీ రాతలు చదివి చెప్పేటోడు. నాకు తెలిసిన దాంట్ల సగం ఆయన పెట్టిన భిక్షనే. తతిమ్మాది నేను మ్యూజియాలల్ల తిరిగి, కితాబుల దుకాణాలల్ల నిలబడి నేర్చుకున్నది.

ఈ బొమ్మల కళ మన దేశంకు ఎట్ల వచ్చిందో ముందుగాల చెప్త. బాబరు కొడుకు హుమాయూను 1540ల షేర్‌షా చేతుల ఓడిపోయి, రాజ్యం పోగొట్టుకోని ఇరాన్ దిక్కు పోయిండు. 1544ల అక్కడ షా తహ్మాస్ప్ కొలువుల తలదాచుకున్నడు. ఆ షాకు చిన్నప్పటి సంది బొమ్మలంటె పానం. తానే కుంచె పట్టినోడు. కానీ నడివయసుకు వచ్చేసరికి దీన్ మీద గురి పెరిగి బొమ్మల మీద మనసు ఇరిగింది. మరి చిత్రకారులు ఏం తినాలె? హుమాయూను పిలిస్తె మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ అనే ఇద్దరు ఉస్తాదులు 1549ల కాబూలుకు వచ్చి ఆయన కొలువుల చేరిండ్రు. 1555ల ఆయన మళ్ళ ఢిల్లీ గెలిచిండు. ఏడాది తిరగకముందే లైబ్రరీ మెట్ల మీదికెల్లి జారిపడి సచ్చిపోయిండు. ఉస్తాదులు మాత్రం అక్బరుకు మిగిలిండ్రు.

ఆ ఇద్దరి కింద హిందుస్తానీ పిలగాండ్లు పనికి కుదిరిండ్రు. బసావన్, దస్వంత్, కేశు, మిస్కీన్. దస్వంత్ అయితే పల్లకీలు మోసే బోయీ కొడుకు, గోడల మీద బొమ్మలు గీస్తుంటె అక్బరు కండ్ల పడ్డడు. హంజానామా అని కథల కితాబు చేసిండ్రు. బట్ట మీద దగ్గర దగ్గర పద్నాలుగు వందల బొమ్మలు, పదిహేనేండ్ల పని. ఆ పనిల ఇరాన్ కుంచె, మన దేశపు కన్ను ఒక్కటైనయ్.

ఇరాన్ బొమ్మలల్ల దర్వేషులు లేకపోలె. కానీ అక్కడ మొఖాలన్ని ఒక్క అచ్చుల పోసినట్టుంటయ్. పున్నమి చందమామ అసొంటి మొఖం, సన్నటి కండ్లు. ముసలోడు అని తెలువాలంటె తెల్ల గడ్డం పెడుతరు, అంతే. కథల ఫకీరు కావాలె కాబట్టి ఫకీరు ఉంటడు. ఫలానా ఊర్ల ఫలానా చెట్టు కింద కూసున్న ఫలానా మనిషి అని అనిపియ్యదు. అక్బరు దీన్ని మార్చిండు. కొలువుల ఉన్న ప్రతి మనిషి మొఖం ఉన్నది ఉన్నట్టు గీసి పెట్టుండ్రి అని హుకుం ఇచ్చిండు. తాను కూడ కూసోని గీయించుకున్నడు. 1580ల గోవాకెల్లి జెసూట్ పాదిరీలు ఫతేపూర్ సిక్రీకి వచ్చిండ్రు, ఎంబడి ఐరోపా అచ్చుబొమ్మలు తెచ్చిండ్రు. వాటిల నీడలు, ముడతలు, బట్ట మడతలు చూసి మనోళ్ళు గుంజుకున్నరు. గుంజుకోని ఎవ్వల మీద వాడిండ్రు? రాజుల మీద వాడేతందుకు భయం. రాజు మొఖం మీద ముడత గీస్తె తల ఉంటదా? అందుకే ఫకీర్ల మీద వాడిండ్రు. ఇది నా లెక్క. పండితులు వేరే తీరుగ చెప్పొచ్చు, చెప్పనియ్యి.

అక్బరుకు ఫకీర్ల పిచ్చి ఊకనే పట్టలె. పుట్టిన పిల్లలు దక్కుతలేరు, గద్దెకు వారసుడు లేడు. సిక్రీల షేక్ సలీం చిస్తీ కాడికి పోయి కాళ్ళ మీద పడ్డడు. 1569ల కొడుకు పుట్టిండు. ఆ ఫకీరు పేరే పెట్టిండ్రు, సలీం అని. మొక్కు తీర్చేతందుకు ఆగ్రాకెల్లి అజ్మీరు దర్గాదాక కాలినడకన పోయిండు హిందుస్తాన్ పాదుషా. ఆ సలీమే తర్వాత జహంగీరు పాదుషా అయ్యిండు. ఫకీరు మాటతోని పుట్టిన కొడుకు, ఫకీర్ల బొమ్మలు గీయించుడుల తండ్రిని మించిండంటె వింత ఏముంది?

పని ఎట్ల చేసేటోళ్ళో చెప్పాలె మీకు, ఎందుకంటె నాకు ఇష్టమైన ముచ్చట అదే. పలుచటి కాగితాలు మూడు నాలుగు, ఒక్కోసారి ఇంకెక్కువ, గంజి రాసి ఒకదాని మీద ఒకటి అతికిస్తరు. దాన్ని వస్లీ అంటరు. ఆరినంక దాన్ని నున్నటి అకీకు రాయితోని రుద్దుతరు. రుద్దీ రుద్దీ, వేలు పెడితె జారాలె. అప్పుడు పలుచగ గీత గీస్తరు. దాని మీద పలుచటి తెల్లరంగు పూస్తరు, లోపటి గీత జర జర కనవడుతుంటది. మళ్ళ దాని మీద గీస్తరు. రంగు వేసుడు, తిప్పేసి బల్ల మీద బోర్లపెట్టి ఎనుకకెల్లి మళ్ళ రుద్దుడు. రంగు కాగితంల దిగి మెరుస్తది. నీలం కావాలంటె బదక్షాన్ గనులకెల్లి లాజవర్దు రాయి రావాలె. బంగారు రేకు నూరి, జిగురుల కలిపి అద్దుతరు. కుంచెకు ఉడుత తోక వెంట్రుకలు. ఆఖరు గీతలకు కొసన ఒకటి రెండు వెంట్రుకలే ఉంటయ్.

పెద్ద పనులల్ల ఒక్క బొమ్మకు ఇద్దరు ముగ్గురు పనిచేసేటోళ్ళు. ఒకడు నక్షా గీస్తడు, ఒకడు రంగులు నింపుతడు. మొఖాలు మాత్రం వేరే ఉస్తాదు వేస్తడు, ఆ పనిని చెహ్రానామీ అంటరు. జహంగీరు ఎంత గట్టోడంటె, ఒక్క మొఖంల కన్ను ఒకడు, కనుబొమ్మ ఇంకొకడు వేసినా ఎవ్వలు ఏది వేసిండ్రో నేను చెప్తనని తన కితాబుల రాసుకున్నడు. కొంచెం డంబాచారమే అనుకో. అయినా ఆ కొలువుల పనిచేసేటోనికి ఎంత భయం, ఎంత సంబురం ఉండెనో ఆలోచించుండ్రి.

ఫకీర్ల బొమ్మలకు నీమ్ కలం అని ఇంకొక పద్ధతి ఉండె. రంగులు పెద్దగ ఉండయ్. నల్ల సిరాతోని సన్నగ గీసి, పెదవి కాడ ఇంత ఎరుపు, చెద్దరు కాడ ఇంత గోధుమ రంగు, దండ కాడ చిటికెడు బంగారం. తతిమ్మాది కాగితం రంగే ఒళ్ళు రంగు. ఏమీ లేనోన్ని గీసేతందుకు ఇంతకంటె మంచి పద్ధతి లేదు. గడ్డం చూడాలె మీరు. భూతద్దం పెట్టినా వెంట్రుక వెంట్రుక విడివిడిగ కనవడుతది. చెంప కాడ మొలిచే వెంట్రుక సన్నగ, గదవ కాడికి వచ్చేసరికి బరువుగ, కొసన గాలికి ఒక రెండు తేలుకుంట.

సాధువులందరు శాంతమూర్తులని అనుకోకుండ్రి. 1567ల థానేశ్వరు కాడ సన్యాసుల రెండు జమాతులు కొట్లాడుకున్నయ్. ఎందుకు? కోనేటి కట్ట మీద బిచ్చం మంచిగ వచ్చే జాగ కోసం. అక్బరు అక్కడనే డేరా వేసి ఉండె. ఆపకపాయె, చూసుకుంట నిలబడ్డడు. ఓడిపోయేటోళ్ళకు తన సిపాయిలను కూడ తోలిండు. అక్బర్‌నామాల ఆ కొట్లాట రెండు పుటల నిండ ఉంది. నక్షా బసావన్‌ది. బూడిద రాసుకున్న ఒళ్ళు, కత్తులు, రాళ్ళు, చక్రాలు. ఇప్పుడది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంల ఉంది. అదే బసావన్ 1597 కాడ అమీర్ ఖుస్రో కావ్యానికి ఇంకొక బొమ్మ వేసిండు. ఒక బాపనాయన సోమనాథునికి మొక్కి, నేల మీద పడుకుంట లేసుకుంట, దండాలు పెట్టుకుంట పోతుంటడు. హజ్‌కు పోయే ముసల్మాను ఆయనను చూసి, నా భక్తి ఏపాటిది అని చెప్పులు ఇడిచి కాలినడకన పోతడు. అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంల ఉంది. కొట్లాటా ఆ చేతిదే, దండమూ ఆ చేతిదే.

ఇప్పుడు జద్రూప్ గోసాయి ముచ్చట. మనం ఇక్కడ మంట కాడ కూసున్నం. ఆయనకు మంట కూడ లేదు. ఉజ్జయిని కాడ గుట్టల తొలిచిన గుహల ఉండేటోడు. గోచీ తప్ప బట్ట లేదు, ఎంత చలి కొట్టినా నిప్పు రాజెయ్యడు. లోపట చాప లేదు, గడ్డి లేదు. జహంగీరు ఆ గుహ దర్వాజాను గజాలు, గిరాలు వేసి కొలిచి మరీ రాసిండు. బక్కపలుచటి మనిషి కూడ నానా తిప్పలు పడితె తప్ప లోపటికి దూరలేడట. పొద్దుకు రెండుసార్లు తానం. ఊర్లెకు ఒక్కసారి పోతడు. ముందుగాల ఎంచుకున్న ఏడు బాపనోళ్ళ ఇండ్లల్ల మూడిండ్లకు పోయి ఐదు ముద్దలు తీసుకుంటడు, నములకుండ మింగుతడు. నమిలితె రుచి తెలుస్తది కద, రుచి తెలువొద్దని. 1617ల జహంగీరు ఏనుగులు, గుర్రాలు, డేరాలు అన్ని ఎనుక ఇడిచిపెట్టి ఆఖరు దూరం నడిచి పోయి ఆయన కాడ కూసున్నడు. ఆరు గడియల సేపు మాట్లాడుకున్నరు. మనిషికి వేదాంతం మీద మంచి పట్టు ఉందనీ, వేదాంతమంటె సూఫీల చదువేననీ తన కితాబుల రాసిండు. అంతకు ముందు అక్బరు కూడ అసీర్‌గఢ్ గెలిచి వచ్చుకుంట ఈయననే చూసి పోయిండు.

ఆ మాటామంతీ బొమ్మ పారిస్ గిమే మ్యూజియంల ఉంది. గుహ ముంగట పాదుషా, గోసాయి ఎదురుబొదురు. గోసాయి ఒళ్ళంత ఎముకలు, మనిషి చిన్నగ. పరివారమంత కింద, దూరంగ, ఎదురుచూసుకుంట. పాదుషాకు గద్దె లేదు, గొడుగు లేదు. ఇద్దరు ఒక్క నేల మీద కూసున్నరు. కొలువు బొమ్మలల్ల పాదుషాకు సమానంగ కూసోని కనవడేటోడు నాకు తెలిసి ఇసొంటోడొక్కడే.

అయితే జహంగీరును నెత్తిన పెట్టుకోకుండ్రి. అదే జహంగీరు 1606ల సిక్కుల గురువు అర్జన్ దేవ్‌ను లాహోరుల సంపించిండు. 1619ల సూఫీ గురువు షేక్ అహ్మద్ సర్‌హిందీని గ్వాలియరు కోటల ఖైదు చేసిండు. గుహల కూసున్న ఫకీరుతోని పాదుషాకు పేచీ లేదు. ఎంబడి జనం ఉన్న గురువు అంటెనే గుబులు. బొమ్మలల్ల ఎవ్వలు ఉన్నరో చూసేటప్పుడు ఎవ్వలు లేరో కూడ చూడాలె.

ఇంకొక బొమ్మ చెప్త. బిచిత్ర్ అనేటాయన వేసింది, 1615కు 1618కి నడుమ. అది అమెరికాల వాషింగ్టన్ ఫ్రియర్ గ్యాలరీల ఉంది. జహంగీరు ఒక పెద్ద ఇసుక గడియారం మీద కూసున్నడు. తల ఎనుక సూర్యుడు, చంద్రుడు కలిసిన పెద్ద వెలుగు. రెక్కల పిలగాండ్లు గడియారం మీద, నీ ఏలుబడి వెయ్యేండ్లు ఉండాలె అని రాస్తున్నరు. కానీ ఇసుక మాత్రం మస్తు కిందికి జారిపోయింది. ఎదురుంగ నలుగురు. అందరికంటె పైన, పాదుషాకు దగ్గర, ఒక తెల్లగడ్డం ముసలాయన. అజ్మీరు దర్గా షేక్ హుస్సేన్. ఆయన కింద తురుకుల సుల్తాను. ఆయన కింద ఇంగ్లాండు రాజు జేమ్స్. రాయబారి థామస్ రో తెచ్చిన తస్వీరు చూసి ఆయనను గీసిండు. అన్నిటికంటె కింద పసుపు అంగీల ఒక హిందువు, ఎర్ర అంచు బొమ్మ ఒకటి చేతుల పట్టుకోని. ఆయన బిచిత్రే అని మస్తుమంది అంటరు.

పాదుషా కితాబు ఇస్తున్నడు, షేకు తీసుకుంటున్నడు. చేతులతోని కాదు. చెద్దరు కొంగు చాపి, దాంట్ల పెట్టించుకుంటున్నడు. ముట్టుకోవద్దని అదబు. పెద్దమనిషి ఈ బొమ్మ కట్టియ్య తెచ్చిన దినం, ఇది చూసినవా అని కింద వేలు పెట్టిండు. పాదుషా ఎక్కే పీట మీద బిచిత్ర్ తన పేరు రాసుకున్నడు. గద్దె ఎక్కినప్పుడల్ల పాదుషా కాలు ఆ పేరు మీద పడాలె. ఆ నలుగుట్ల జేమ్స్ రాజు ఒక్కడే మనదిక్కు ఓరగ చూస్తుంటడు, ఏం తోస్తలేనట్టు. షేకు ఎవ్వల దిక్కు చూడడు, పుస్తకం దిక్కే చూస్తడు. షేకు మొఖం గీసేతందుకు బిచిత్ర్ పడ్డ కష్టం సుల్తాను మీద పడలె. సుల్తానుది ఉత్త తలపాగ, గడ్డం.

చూసి గీసినవి కొన్ని అయితె, చూడనివి కొన్ని. అజ్మీరు దర్గా ఎవ్వలదో ఆ ఖాజా మొయినుద్దీన్ చిస్తీ 1236లనే పోయిండు. దగ్గర దగ్గర నాలుగు వందల ఏండ్లకు బిచిత్రే ఆయన బొమ్మ వేసిండు, చేతుల భూగోళం పెట్టి, దాని మీద తాళంచెవి పెట్టి. దునియా చాబీ ఫకీరు చేతుల ఉంది, ఆయన ఇస్తెనే పాదుషాకు అన్నట్టు. ఇది భక్తి అనుకుంటె భక్తి, రాజకీయమనుకుంటె రాజకీయం. జహంగీరు 1614ల అజ్మీరుల జబ్బు నయమైనంక, ఖాజాకు బానిసను అని చెవులు కుట్టించుకోని ముత్యాలు పెట్టుకున్నడు. కొలువుల ఉన్న సర్దార్లు కూడ కుట్టించుకున్నరు. అందుకే జహంగీరు బొమ్మ దొరికితె చెవు చూడుండ్రి. ముత్యం ఉంటె అది 1614 తర్వాతది.

నన్ను అడిగితె వీండ్లందరిట్ల గోవర్ధన్ పెద్దోడు. భవానీదాసు కొడుకు, కొలువుల పుట్టి పెరిగినోడు. జహంగీరు కాడ, ఆయన కొడుకు షాజహాను కాడ పనిచేసిండు. చెట్టు కింద బైరాగులు కూసున్న బొమ్మ ఆయనది ఒకటుంది. బూడిద రాసుకున్న తోలు రంగు ఎట్ల పట్టిండో! నల్లది కాదు, తెల్లది కాదు. బూడిద కింద ఒళ్ళు వెచ్చగ ఉందని తెలుస్తది. జడల బరువు, పెరిగిన గోర్లు, ఎనుక దూరంగ ఊరు, ఇండ్లు. ఆ ఊరోళ్ళు వీండ్లకు పొద్దుగాల రొట్టెలు పెట్టి ఉంటరు అనిపిస్తది. జోగుల మెడల చిన్న కొమ్ము పిల్లనగ్రోవి, చేతుల చిమటా, కచ్‌కోలు చిప్ప, కింద జింకతోలు, చంకకింద పెట్టుకునే యోగదండం. ఏది ఇడిచిపెట్టలె. ఏ పంథం జోగులు అప్పుడు ఏం తొడుక్కునేటోళ్ళో తెలుసుకునేతందుకు ఇప్పటి పండితులు ఈ బొమ్మలనే సాక్ష్యంగ తీసుకుంటున్నరు.

షాజహాను బిడ్డ జహనారాకు, కొడుకు దారా షికోకు ఈ పిచ్చి ఇంకా ముదిరింది. లాహోరు సూఫీ మియా మీర్, ఆయన శిష్యుడు కశ్మీరుల ఉండే ముల్లా షా, వీండ్లిద్దరి బొమ్మలు దారా కాలంల మస్తు వచ్చినయ్. జహనారా ముల్లా షాను గురువు చేసుకుంది. పాదుషా బిడ్డ, పరదాల మనిషి, ఊకె పోయి గురువు ముంగట కూసోలేదు. గురువు తస్వీరు మీద మనసు నిలిపి ధ్యానం చేసిన అని 1641ల తాను రాసిన చిన్న కితాబుల చెప్పుకుంది. రాజు ఆల్బంల దాచుకునే బొమ్మ ఒకటి, ఈమె ఎదురుంగ కూసునే బొమ్మ ఒకటి. రెండూ ఒక్క కుంచెలకెల్లి వచ్చినవే.

ఆ కాలందే లండన్‌ల ఇంకొక బొమ్మ ఉంది. పైన సూఫీలు కవ్వాలీకి మైమరచి ఆడుతున్నరు. ఒకడు పడిపోతుంటె ఇంకొకడు పట్టుకుంటున్నడు. కింద ఒక వరుసల హిందూ సాధువులు కూసున్నరు, పక్కన పేర్లు రాసి ఉన్నయ్. రవిదాసు, నామదేవుడు, పీపా, కబీరు, మచ్ఛేంద్రుడు, గోరఖుడు. చెప్పులు కుట్టేటాయన, బట్టలు కుట్టేటాయన, మగ్గం నేసేటాయన, పాదుషా బొమ్మల ఒక్క చాప మీద. దారాను 1659ల తమ్ముడు ఔరంగజేబు సంపించిండు. ఆయనంక పాదుషా బొమ్మల కార్ఖానా పలుచవడ్డది, ఉస్తాదుల పిల్లలు రాజపుత్రుల కొలువులకు, కొండరాజుల కొలువులకు పోయిండ్రు.

దారా ఎంబడి ఉన్న సర్మద్ పేరు విన్నరా? పుట్టుకతోని యూదు, ఇరాన్ దిక్కు వర్తకుడు. థట్టాల అభయ్‌చంద్ అనే పిలగాని మీద మనసు పడి యాపారం ఇడిచిండు, బట్టలు ఇడిచిండు. ఢిల్లీ పోకముందు ఈయన మన గోల్కొండ రాజ్యంల ఉండె. అబ్దుల్లా కుతుబ్‌షా కాలం. 1647ల దబిస్తాన్ అనే కితాబు రాసినాయన సర్మద్‌ను హైదరాబాదులనే కలిసిండు. దారా పోయినంక ఒకటి రెండేండ్లకు ఢిల్లీల సర్మద్ తల కూడ తీసిండ్రు. జామా మసీదు మెట్ల కాడ సమాధి ఉంది. తర్వాత కాలంల ఆయన బొమ్మలు మస్తు వచ్చినయ్, దిగంబరంగనే.

మన దక్కను దిక్కు తీరు వేరు. ఢిల్లీ, ఆగ్రా వాండ్లు చూసింది గీసిండ్రు. బీజాపూరు, గోల్కొండ వాండ్లు కలగన్నది గీసిండ్రు. బీజాపూరు ఇబ్రహీం ఆదిల్‌షా అటు గుల్బర్గా దర్గా గేసూదరాజ్‌కు మొక్కుతడు, ఇటు సరస్వతికి మొక్కుతడు. ఆయన కాలంల, 1603 కాడ, ఒక యోగిని బొమ్మ వేసిండ్రు. ఐర్లాండు డబ్లిన్‌ల చెస్టర్ బీటీ లైబ్రరీల ఉంది. మొఖానికి బూడిద, ఒంటికి బంగారు బట్టలు, నెత్తిన ముడి, వేళ్ళ మీద గోరింక. గోరింకతోని ఏదో చెప్తుంటది. పక్కన పూలు మనిషికంటె పెద్దగున్నయ్. ఎనుక గుట్ట మీద తెల్ల మహలు. ఎవ్వలామె? రాజు బిడ్డనా, జోగినా? వేసినాయన పేరు కూడ ఎవ్వలకు తెల్వదు. గోవర్ధన్‌ను చూస్తె మెచ్చుకుంటం, ఈమెను చూస్తె రాత్రి నిద్ర పట్టదు.

ఈ బొమ్మలు ఎక్కడిదాక పోయినయో తెలుసా? డచ్చి వర్తకులు మచిలీపట్నం రేవుల కోఠీ పెట్టుకోని, గోల్కొండ సుల్తాన్ల, సర్దార్ల తస్వీర్లు కొనుక్కోని ఓడలల్ల తోలుకపోయిండ్రు. మొఘల్ బొమ్మలు కూడ అట్లనే పోయినయ్. ఆమ్‌స్టర్‌డామ్‌ల రెంబ్రాంట్ అనే పెద్ద చిత్రకారుడు వాటిని ముంగట పెట్టుకోని ఇరవైకి పైగ బొమ్మలు జపాను కాగితం మీద గీసుకున్నడు. అందుట్ల ఒకటి, చెట్టు కింద కూసున్న నలుగురు ముసలి షేకులు. అదే నక్షాతోని 1656ల ఆయన బైబిల్ కథకు అచ్చుబొమ్మ వేసిండు, ఇబ్రహీం నబీ ఇంటికి దేవదూతలు సుట్టాలుగ వచ్చిన కథ. మన ఫకీర్లు అక్కడ దేవదూతలైండ్రు. అసలు మొఘల్ బొమ్మ వియన్నాల షోన్‌బ్రున్ మహలు గోడకు ఉంది. అక్కడి రాణి కాలంల ఆ బొమ్మలను కత్తిరించి, ఒకదానికొకటి అతికించి, గోడ అలంకారం చేసిండ్రు. పటాలు కట్టేటోన్ని, చెప్తున్న, బొమ్మను కోసేటోని చెయ్యి ఇరగ.

తాతా, ఆ ఫకీర్లకు వాండ్ల బొమ్మ ఎవ్వలన్న ఇచ్చిండ్రా అని అడిగింది చిన్నది. మంచి మాట అడిగినవ్ బిడ్డా. ఇయ్యలె. జద్రూప్‌కు ఇస్తె ఎక్కడ పెట్టుకుంటడు, చాప కూడ లేదాయె. బొమ్మ పాదుషాది, ఆల్బం పాదుషాది, బంగారు అంచు పాదుషాది. ఫకీరు మొఖమొక్కటే ఫకీరుది. పాదుషాకు జద్రూప్ కావాల్సివచ్చెగని జద్రూప్‌కు పాదుషా కావాల్సిరాలె. ఆ సంగతి కుంచె పట్టినోనికి తెలుసు. అందుకే రాజు నగలకు బంగారం ఖర్చుపెట్టిండు, ఫకీరు మొఖానికి తన కండ్లు ఖర్చుపెట్టిండు.

ఫకీరు కాడికెల్లే గద్దె ఎక్కినోడు కూడ ఉన్నడు. మన గోల్కొండ ఆఖరు సుల్తాను తానీషా ఉన్నడు కద, రామదాసు కథల వస్తడు. ఆయన గద్దె ఎక్కకముందు ఏండ్లకేండ్లు షా రాజు అనే ఫకీరు కాడ శిష్యునిగ ఉండె. అక్కడికెల్లే తీసుకపోయి అబ్దుల్లా బిడ్డనిచ్చి పెండ్లి చేసిండ్రు. 1672ల సుల్తాను అయ్యిండు. 1687ల ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు పట్టుకపోయిండు. షా రాజు దర్గా పాతబస్తీల ఇప్పటికీ ఉంది, జనం పోతరు.

సదువుకునే పిలగాండ్లు మీరు, పట్నంల ఉంటరు. సాలార్‌జంగ్ మ్యూజియంల మినియేచర్ బొమ్మల గది ఉంది. హిమాయత్‌నగర్ దిక్కు జగదీశ్, కమలా మిత్తల్ అనే మొగడు పెండ్లాలు ఇల్లూ వాకిలి అనకుండ జమచేసిన బొమ్మల మ్యూజియం ఉంది, దక్కనీ బొమ్మలు మంచివి ఉన్నయ్. పోతె ఉరుకులాడకుండ్రి. ఒక్క బొమ్మ కాడ నిలబడి ముందుగాల పాదుషాను ఇడిచిపెట్టి పక్కన కూసున్నోని పాదాలు, చెవులు, గడ్డం చూడుండ్రి. ఫోన్‌ల ఫోటో తీసుడు తర్వాత. సాలార్‌జంగ్‌కు శుక్రవారం మాత్రం పోకుండ్రి, బంద్ ఉంటది.